నీటిని వద్దనే గుడ్డ

సంక్రాంతి వెళ్లిన వారం. పొద్దున ఏడున్నరకు జనగామ వ్యవసాయ మార్కెట్ గేటు ముందు దిగారు మీరు. మంచు ఇంకా విడలేదు. డీసీఎంలు, ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు గేటు బయటిదాకా బారు తీరి ఉన్నాయి. బస్తాలు మనిషెత్తు దాటి కట్టారు. కుట్ల సందుల్లోంచి దూది ఉబుకుతోంది. చాయ్ బండి చుట్టూ మూగిన రైతుల నోట ఒకటే మాట: "ఇయ్యాల ఎంత పలుకుతదో?"

లోపలికి నడవండి. ఖరీదుదారు ఒకాయన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పత్తి లాగి, రెండు వేళ్ల మధ్య సాగదీసి తెంపి చూస్తున్నాడు. పింజ పొడవెంతో, బలమెంతో ఆ ఒక్క లాగులో ఆయనకు తెలిసిపోతుంది. అవతల ఇంకొకరు తేమ మిషను సూదులు గుచ్చుతున్నారు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ఆ ధరలో కోత పడుతుంది. 12 దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ అసలు కొనదు. అందుకే మిషను తెర మీద అంకె నిలకడగా ఆగేదాకా బస్తా యజమాని ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాడు.

మీరు మాత్రం షెడ్డు చివరకు వెళ్లండి. కండువా నెత్తికి చుట్టుకున్న ఒక పెద్దాయన రెండు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గర ఎవరూ ఆగడం లేదు. ఒక బస్తా మూతి విప్పి ఉంది. లోపలి పత్తి మిగతా కుప్పల్లాగా తెల్లగా లేదు, పసుపు తిరిగింది, అక్కడక్కడా ఆకు పొడి అంటుకుంది.

"ఆఖరు ఏరుడు బిడ్డా," అంటాడాయన. "గులాబీ పురుగు తిన్నంక మిగిలింది. ఏరిన కూలి గూడ ఎల్లదు దీనికి."

ఒక గుప్పెడు అడిగి తీసుకోండి. గింజ తీసేసి వేళ్ల మధ్య నలపండి. పోగు మరీ సన్నగా, మెత్తగా ఉంది, తేలిగ్గా చిక్కు పడుతోంది. పూర్తిగా పండకముందే కాయ విచ్చుకున్న పత్తి ఇది. జిన్నింగ్ మిల్లు వాళ్లు దీన్ని తక్కువ మైక్రోనేర్ పత్తి అంటారు. ఇంత బరువు దూదిని ఒక గొట్టంలో కుక్కి, దాని గుండా గాలి ఎంత సులువుగా పోతుందో చూసి చెప్పే లెక్క అది. 3.5 కంటే కిందికి వస్తే పోగు పచ్చిదని అర్థం. వడికితే ఉండలు కడుతుంది, అద్దితే రంగు సరిగా పట్టదు. కొనేవాడు ముఖం తిప్పుకోవడానికి కారణం అదే.

ఇప్పుడు చాయ్ బండి నుంచి గ్లాసెడు నీళ్లు తెప్పించి, ఆ దూదిని నీళ్ల మీద వేయండి. తేలుతోంది. వేలితో కిందికి నొక్కండి. మునిగినట్టే మునిగి మళ్లీ పైకి వస్తుంది. పోగుల మీద నీళ్లు వెండి పొరలా మెరుస్తాయి కానీ లోపలికి దిగవు. పక్కనే మెడికల్ షాపులో కొన్న తెల్ల దూదిని వేసి చూడండి, కళ్ల ముందే అడుక్కి చేరుతుంది. మందుల ప్రమాణాల ప్రకారం ఆ దూది 10 సెకన్లలోపే మునగాలి. రెండూ పత్తే. మరి తేడా ఎక్కడుంది?

తేడా మైనంలో ఉంది. పత్తి పోగులో తొంభై శాతానికి పైగా సెల్యులోజు. అది నీళ్లంటే ప్రాణం పెడుతుంది. కానీ దాని ఒంటి మీద, మొత్తం బరువులో ఒక శాతం కూడా ఉండని మైనం పొర ఉంటుంది. కాయలో పెరిగేటప్పుడు మొక్క వేసిన పొర అది. బట్టల మిల్లులో రంగు అద్దే ముందు కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి ఆ మైనాన్ని వదిలిస్తారు, లేకపోతే రంగు ఎక్కదు. మెడికల్ షాపు దూదికీ అదే స్నానం చేయిస్తారు. రైతు బస్తాలోని దూదికి ఆ పొర ఇంకా చెక్కు చెదరలేదు.

పెద్దాయన మోటారు సైకిల్ సంచిలో చిన్న సీసాతో ఇంజనాయిలు ఉంది. రెండు చుక్కలు గ్లాసులో వేయమనండి. నీటి మీద నూనె అలా పరుచుకుంటుందో లేదో, తేలుతున్న దూది దాన్ని లాగేసుకుంటుంది. గ్లాసు పక్కల మీద జిడ్డు తప్ప నీటి మీద కనపడేంత నూనె మిగలదు.

"ఓర్నీ!" అని పెద్దాయన ముందుకు వంగి చూస్తాడు.

నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టును కొలిచేదే తలతన్యత. నీటికది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, డీజిలుకు, ఇంజనాయిలుకు 30కి అటూ ఇటూ. మైనం ఉన్న పోగు మీద పడ్డ నీటికి అక్కడ పట్టు దొరకదు. తనలోకి తాను ముడుచుకుని బొట్టుగా నిలబడుతుంది. నూనెకు అంత బిగువు లేదు, మైనంతో చుట్టరికం కూడా ఉంది. అందుకే పోగు వెంట పాకిపోతుంది.

ఈ సంగతి అమెరికాలో టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో శేషాద్రి రామ్‌కుమార్ బృందం 2013లో కొలిచి చూపించింది. మెక్సికో సింధుశాఖలో 2010లో డీప్‌వాటర్ హొరైజన్ పేలి, చమురు నెలల తరబడి సముద్రంలోకి ఎగజిమ్మిన తర్వాతి రోజులవి. శుద్ధి చేయని, తక్కువ మైక్రోనేర్ ముడి పత్తి తన బరువుకు 30 రెట్లకు పైగా ముడి చమురును పట్టుకుంటుందని వాళ్లు తేల్చారు. పచ్చి పోగు సన్నగా ఉంటుంది కాబట్టి కిలో దూదిలో ఎక్కువ ఉపరితలం ఉంటుంది, దాంతోపాటు మైనమూ ఎక్కువే. మగ్గానికి పనికిరాదని పక్కన పెట్టే గుణమే నూనె పని దగ్గర యోగ్యత అవుతోంది.

నా మాట ఇదే. జనగామ నుంచి భూపాలపల్లి దాకా మనం పనికిరాదని పారేసేవాటిలోనే, మనం వాగుల్లోకి వదిలేస్తున్న నూనెకు విరుగుడు ఉంది. అయితే అది చెప్పినంత తేలిగ్గా పనిచేయదు. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో దగ్గరుండి చూడాలి. పెద్దాయన చెప్పిన ధరకే ఒక సంచి నిండా ఆ పత్తి తూకం వేయించుకోండి. బేరం ఆడకండి.

పాలకుర్తి దారి పట్టారు. పాల్కురికి సోమనాథుడి ఊరది, పోతన బమ్మెర కూడా పక్కనే. రోడ్డుకు అటూ ఇటూ యాసంగి నాట్లు సాగుతున్నాయి. మధ్యలో బాయిల్డ్ రైస్ మిల్లు ఒకటి తగులుతుంది. వెనక గోడ దగ్గర నల్లటి బూడిద గుట్ట ఉంటుంది, గాలి వీస్తే కళ్లు మూసుకోవాల్సిందే. ఊకను బాయిలర్లో కాల్చగా వచ్చిన బూడిద. ధాన్యం బరువులో సుమారు ఐదో వంతు ఊక, ఊక కాలితే అందులో ఐదో వంతు బూడిద, ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సిలికా కరిగి సోడియం సిలికేట్ అవుతుంది. దానికి యాసిడ్ కలిపితే పిండికంటే సన్నటి సిలికా రేణువులు విడిపోతాయి. ఈ దూదిలాగే నీటిని తరిమి నూనెను రానిచ్చే గుడ్డను కూడా తయారు చేయవచ్చు, ఆ తయారీలో ఈ రేణువులకు ముఖ్యమైన పని ఉంది.

ఆ పని ఏమిటో చెరువు చూపిస్తుంది. తామరలున్న చెరువు గట్టు మీద ఒక్క నిమిషం ఆగండి. ఆకు మీద నీళ్లు చల్లి చూడండి. బొట్లు గుండ్రంగా దొర్లి, దారిలో దుమ్మును కూడా మోసుకుని జారిపోతాయి. మైనం పూసిన నున్నటి గాజు మీద బొట్టు ఇంత గుండ్రంగా నిలవదు. బొట్టు అంచు తలంతో చేసే కోణం అక్కడ 110 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, తామరాకు మీద 150 దాటుతుంది. ఆకు నిండా కంటికి ఆనని బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు పుల్లలు ఉంటాయని జర్మనీలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో వివరంగా రాశారు. బొట్టు ఆ మొనల మీదే నిలబడుతుంది, కిందంతా గాలే. గాలి మీద కూర్చున్న నీటి లెక్కను అంతకు చాలా ముందే, 1944లో, కాసీ, బాక్స్‌టర్ అనే ఇద్దరు కట్టి చూపించారు. వాళ్లు ఇంగ్లండులో ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేస్తూ బట్టల గురించే ఆలోచించారు. వానకు తడవని బట్ట వాళ్ల గురి.

కాబట్టి గుడ్డకు కావలసినవి రెండు: గరుకుదనం, దాని మీద నీటికి పట్టివ్వని పూత. సిలికా రేణువులు గరుకుదనం ఇస్తాయి. పూతకు స్టియరిక్ యాసిడ్ లాంటి కొవ్వు ఆమ్లం, మైనం, సిలికాన్, ఏదో ఒకటి. వెనకటికి ఎక్కువగా ఫ్లోరిన్ రసాయనాలు వాడేవారు. నీటినీ నూనెనూ కూడా దగ్గరికి రానివ్వనంత పనితనం వాటిది. కానీ అవి మట్టిలో, నీళ్లలో, మనిషి రక్తంలో చేరి ఏళ్ల తరబడి పోవు. వాటిలో పీఎఫ్ఓఎస్‌ను 2009లో, పీఎఫ్ఓఏను 2019లో, ఇలాంటి పోని విషాలను అరికట్టే స్టాక్‌హోం ఒప్పందం జాబితాకెక్కించారు. నీళ్లను శుభ్రం చేయడానికి అలాంటి పూత వాడడం నా దృష్టిలో తప్పు.

తొర్రూరు దాటి మధ్యాహ్నానికి మహబూబాబాద్ చేరారు. ఇక్కడి వాళ్లకు ఇప్పటికీ మానుకోటే. మిర్చి ఏరే కాలం, ట్రాక్టర్లకు తీరిక లేదు. ఊరి బయట రేకుల షెడ్డులో ఒక ట్రాక్టరు బానెట్ లేపి ఉంది. మెకానిక్ చేతిలో బనియన్ వేస్ట్. నేల మీద రింగులు, నట్లు, డీజిలు వాసన.

"బండి దమ్ము పడుతున్నది అన్నా," అంటున్నాడు రైతు. "చెలక దాక పోకముందే ఆగింది."

మెకానిక్ డీజిల్ ఫిల్టరు కింద ఉన్న గిన్నెను చూపిస్తాడు. అడుగున చిన్న స్క్రూ ఉంది. స్పానరుతో అర తిప్పు తిప్పగానే ముందు నీళ్లు వచ్చాయి, తుప్పు రంగులో. తర్వాత ఒక గీత గీసినట్టు రంగు మారి డీజిలు మొదలైంది.

"డబ్బాల పోసి పెట్టినవా?"

"పెట్టిన. మూత సరిగ లేదు. మంచు పడ్డది కావచ్చు."

డీజిలు పంపు లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. నీళ్లు వెళితే తుప్పు, తుప్పుతో అరుగుదల, ఆపైన పంపు మార్చాలంటే రైతు నెత్తిన వేల రూపాయల బరువు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర వరదకు కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడిన రోజు గుర్తుందా? అలాంటి వాన ముంచెత్తినప్పుడు డబ్బాల్లో, ట్యాంకుల్లో దాచుకున్న డీజిలు సంగతి చెప్పక్కర్లేదు.

నూనె నుంచి నీటిని వేరు చేసే పూత గుడ్డలు ఎక్కడో ల్యాబుల్లోనే ఉన్నాయనుకోవద్దు. విమానాలకు ఇంధనం నింపే చోట పెద్ద వడపోత డబ్బాలుంటాయి. అందులో మొదటి పొర గాజు పోగులది. ఇంధనంలో కంటికి కనపడని నీటి తుంపరలు ఆ పోగులకు తగులుకుని, ఒకదానితో ఒకటి కలిసి పెద్ద బొట్లవుతాయి. తర్వాత టెఫ్లాన్ పూసిన జల్లెడ వస్తుంది. ఇంధనం దాటుతుంది, నీటి బొట్టుకు దారి దొరకదు, బరువెక్కి కింద తొట్టిలో పడుతుంది. టెఫ్లాన్ పూసిన స్టీలు వల నీటిని ఆపి నూనెను మాత్రమే వదులుతుందని చైనాలో లిన్ ఫెంగ్, లెయ్ జియాంగ్‌ల బృందం 2004లో ప్రచురించాక, ప్రపంచమంతా గుడ్డల మీద, వలల మీద, స్పాంజిల మీద ఈ పరిశోధన ఊపందుకుంది.

షెడ్డులోనే ఒకటి చేసి చూద్దాం. రెండు ముతక నూలు గుడ్డ ముక్కలు కావాలి. మొదటి దాని మీద కొవ్వొత్తి రుద్ది, పాత కాగితం మధ్య పెట్టి ఇస్త్రీ చేయించండి. రెండోదానికి బూట్లకూ సంచులకూ కొట్టే సిలికాన్ స్ప్రే రెండు పూతలు కొట్టి ఎండలో ఆరేయండి. రెండింటి మీదా నీటి బొట్లు గుండ్రంగా నిలిచాయి. ఇప్పుడు మెకానిక్ తీసిన ఆ తుప్పు నీళ్ల డీజిలును ఒక డబ్బాలో కొంచెం కలిపి, గుడ్డను గరాటుకు అమర్చి పోయండి. కింద గిన్నెలో డీజిలు చుక్కలు చుక్కలుగా పడుతోంది. గుడ్డ మీద గోధుమ రంగు నీళ్లు మాత్రం నిలబడిపోయాయి. గరాటును కొద్దిగా వంచితే ఆ నీళ్లు ఒక గుండ్రటి ముద్దగా అటూ ఇటూ జరుగుతాయి తప్ప దిగవు.

మెకానిక్ నోరు విప్పడు. గిన్నెలోకి వేలు ముంచి, రుద్ది, వాసన చూస్తాడు. అది ఆయన పరీక్ష.

మైనం గుడ్డను అలాగే మరో రెండు సార్లు వాడి చూడండి. మెల్లగా నీళ్లు కూడా కారడం మొదలవుతుంది. డీజిలు మైనాన్ని కరిగించి తనతో తీసుకుపోతోంది. సిలికాన్ గుడ్డ ఇంకా నిలబడే ఉంది. పూత పోగుకు అంటుకుని ఉంటే చాలదు, పోగుతో ముడిపడి ఉండాలి. ల్యాబుల్లో ఏళ్ల తరబడి పడే తిప్పలన్నీ దాదాపు ఇక్కడే: ఉతికినా, రుద్దినా, నూనెలో నానినా పూత ఊడకూడదు. హైదరాబాదులో బాలాపూర్ దగ్గరున్న పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో సాల్-జెల్ పూతల మీద ఒక ప్రత్యేక కేంద్రమే పనిచేస్తోంది. ద్రవంలో పుట్టించిన సిలికా లాంటి పదార్థాన్ని తలం మీదే గట్టిపరిచి, దానితో బంధం వేయించే విద్య అది. గుడ్డకు కావలసిందీ అలాంటి బంధమే.

ఇక్కడిదాకా అంతా సవ్యంగా నడిచిందని మురిసిపోకండి. ట్రాక్టరు దగ్గర నూనె ఎక్కువ, నీళ్లు తక్కువ. గుడ్డ గుండా నూనెకు దారి ఉంది. భూపాలపల్లిలో అది తిరగబడుతుంది.

గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి. నర్సంపేట దాటాక ఎడమ వైపు దూరంగా, గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2017 అక్టోబరు 22న దానికి శంకుస్థాపన చేశారు. పత్తి పండే చోటే బట్ట తయారవ్వాలన్నది దాని ఉద్దేశం. చొక్కాలతో పాటు ఇలాంటి పనికొచ్చే గుడ్డ కూడా అక్కడ తయారు కావాలని నా కోరిక.

ములుగు దాటి గణపురం మీదుగా వెళుతుంటే కోటగుళ్ల శిఖరాలు, ఆ వెనక చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో మరో 600 చేరిన కేంద్రం. ఇక్కడి నుంచి భూపాలపల్లి దాకా రోడ్డు బొగ్గు లారీలది. టార్పాలిన్ కట్టిన బండ్లు ఒకదాని వెనక ఒకటి. రోడ్డు అంచున నల్ల ధూళి. బొగ్గు గనుల వర్క్‌షాపుల నీళ్లలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని దేశమంతటికీ నిబంధన ఉంది. దాన్ని అందుకోవడానికి పెద్ద గనులు నూనె తొట్లు కట్టుకుంటాయి. రోడ్డు పక్కన లారీలు కడిగే చిన్న సర్వీసింగ్ షెడ్డుకు మాత్రం ఒక గుంతే ఆధారం.

అలాంటి షెడ్డు ముందు ఆపండి. ర్యాంపు మీద టిప్పరు ఎక్కి ఉంది. కుర్రాడు ప్రెషర్ పంపుతో చాసిస్ కింద కొడుతుంటే గ్రీజు, బొగ్గు, బురద కలిసి నల్లగా కారుతున్నాయి. తర్వాత షాంపూ నురగ, మళ్లీ నీళ్లు. అంతా కాలువ వెంట గుంతలోకి చేరుతోంది. గుంత మీద ఇంద్రధనుస్సు రంగుల పొర, అంచుల వెంట నల్లటి జిడ్డు కట్ట. వాన వస్తే గుంత పొంగి రోడ్డు కాలువలోకి పోతుంది. అక్కడి నుంచి ఏదో ఒక వాగులోకి, చివరికి గోదావరిలోకి. 2023 జులై 27న మోరంచపల్లిని ముంచిన మోరంచవాగు ఈ మండలాలదే. అంత నీరు పారిన రోజున ఇలాంటి గుంతల్లోని నూనె ఎవరి ఇంట్లోకి వెళ్లిందో ఎవరు లెక్క తీస్తారు?

షెడ్డు యజమాని కుర్చీ వేస్తాడు. సంచిలో ఏముందని అడిగితే చెప్పండి. నవ్వుతాడు, కానీ వద్దనడు.

ముందు సిలికాన్ గుడ్డ. ఒక బకెట్ మూతికి వదులుగా కట్టి, గుంతలోంచి మగ్గుతో ముంచిన నీళ్లు పోయండి. నీళ్లు గుడ్డ మీద నిలిచాయి. నూనె? నూనె నీటి కంటే తేలిక. అది నీళ్ల మీద తేలుతోంది, గుడ్డకు తగలడమే లేదు. మధ్యలో నీరు గోడ కట్టింది. ల్యాబు ఫొటోల్లో గరాటు గుండా నూనె చక్కగా దిగుతూ కనిపించే చోట్ల చాలాసార్లు వాడేది క్లోరోఫాం లాంటి, నీటికంటే బరువైన ద్రవం. లారీ గుంతలో క్లోరోఫాం ఉండదు. బకెట్టును ఒక పక్కకు ఒంచండి. నూనె అంచుకు వచ్చి గుడ్డను తాకిన చోట నల్లగా చెమర్చి, బకెట్లోకి జారుతుంది. కొంత వచ్చింది.

గుడ్డ మీద నీళ్లు ఇంకా పోస్తూ పోతే ఏమవుతుంది? గుడ్డలోని రంధ్రం నూరు మైక్రాన్ల వెడల్పు ఉంటే, దాని మీద బెత్తెడు నుంచి జానెడు ఎత్తు నీరే నిలుస్తుంది. ఆపైన బరువుకు తల వంచుతుంది. రంధ్రం చిన్నదైతే ఎక్కువ ఎత్తు ఆపుతుంది కానీ నూనె దిగడం నెమ్మదిస్తుంది, బొగ్గు పొడికి త్వరగా పూడుకుపోతుంది.

అప్పుడే ఇంకోటి కనిపిస్తుంది. గుడ్డ మధ్యలో తడి మచ్చ. నీళ్ల ఎత్తు నాలుగు వేళ్లు కూడా లేదు, అయినా కారుతోంది. యజమాని కూడా వంగి చూస్తాడు.

"గిదేంది, ఆపుతదంటిరి?"

కారణం ఆ షాంపూ. సబ్బు నీటి తలతన్యతను సగానికి పైగా దించేస్తుంది. ముడుచుకునే బిగువు పోయిన నీరు నూనెలాగే పోగు వెంట పాకుతుంది. అంతేకాదు, సబ్బు నూనెను కంటికి కనపడని తుంపరలుగా విరిచి నీళ్లలో కలిపేస్తుంది. అవి పైకి తేలవు, ఒకటి కావు, ఏ గుడ్డకూ ఏ దూదికీ తేలిగ్గా చిక్కవు. పూత ఎంత గొప్పదైనా సబ్బు ముందు నిలవదు. ఈ గుంతలో అసలు శత్రువు నూనె కాదు, సబ్బు కలిసిన నూనె.

ఇక దూది వంతు. పాత దోమతెర ముక్కను సంచిలా కుట్టి, జనగామ పత్తి వదులుగా నింపి మూతి కట్టండి. గట్టిగా కుక్కితే నూనె చేరడానికి చోటుండదు. తాడు కట్టి గుంతలో, కాలువ వచ్చి పడే చోటికి దూరంగా, నురగ లేని మూలకు వదలండి. తేలుతోంది. ముందు అంచు నల్లబడింది, తర్వాత అడుగు. కర్రతో సంచిని జిడ్డు కట్ట వైపు నెట్టండి. తాకిన చోటల్లా రంగుల పొర దాని వైపు లాగినట్టు కదులుతుంది. ఒక టిప్పరు కడిగి, ఇంకోటి ర్యాంపెక్కేసరికి సంచి మొత్తం నల్లగా, బరువుగా వేలాడుతోంది, కానీ మునగలేదు.

బయటికి తీసి రేకు డబ్బా మీద పిండండి. చేతి తొడుగులు వేసుకోండి. చిక్కటి నల్ల నూనె ధారగా పడుతుంది. యజమాని డబ్బాలోకి తొంగి చూస్తాడు. తర్వాత డబ్బాను వంచి చూస్తాడు, అడుగున నీళ్లు ఎంత ఉన్నాయో అని. కాసిని ఉన్నాయి. ఎక్కువ లేవు. పిండిన సంచిని మళ్లీ వదిలితే మళ్లీ పట్టుకుంది, మొదటిసారి అంత కాదు. పోగులు నలిగి, మైనం కొంత నూనెతోనే పోయి ఉంటుంది. కొన్నాళ్లకు ఈ దూదినీ తీసేయాల్సిందే. అయితే దాన్ని చెత్తకుప్పలో పడేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన నూనె, దాంతో తడిసినవి కూడా లెక్కలోకి వస్తాయి. నూనెను రిజిస్టరైన రీసైక్లర్‌కే అమ్మాలి.

"ఇది అమ్ముడువోతదా?" డబ్బా చూపించి అడుగుతాడు యజమాని.

"నీళ్లు లేకుంటే పోతది," అంటాడు టిప్పరు డ్రైవరు పక్క నుంచి. "ఇంజన్లకెల్లి తీసిన ఆయిల్ కొంటనే ఉన్నరు గదా."

ఈ మాట కుర్రాడికి కూడా చేరింది. పంపు ఆపి వచ్చి నిలబడ్డాడు. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు, మనుషులు బకెట్లతో, చేతులతో దాన్ని ఎత్తిపోశారు. సముద్రం ఒడ్డున జరిగేసరికి దేశమంతా చూసింది. ఇక్కడ రోజూ కొద్దికొద్దిగా జరుగుతోంది. బకెట్ అవసరమైనంతగా పోగవక ముందే దూది వేసి ఆపగలిగే స్థాయిలో ఉండడం మన అదృష్టం.

యజమాని ర్యాంపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఆలోచన మొదలైంది.

"ముందుగాల ఉత్త నీళ్లు కొట్టుడు, గ్రీజంత కింద పడేదాక. ఆ నీళ్లు ఈ గుంతకు. షాంపూ కొట్టిన నీళ్లు వేరే గుంతకు పోవాలె. గట్ల జేస్తే నీ దూది పని జేస్తదా సారూ?"

చేస్తుంది. సబ్బు తగలని మొదటి గుంతలో నూనె పైకి తేలుతుంది, దూది సంచీ పూత గుడ్డా దాన్నే కోరుకుంటాయి. రెండో గుంతలో సబ్బు నీళ్లకు పటిక వేసి తేర్చుకోవాలి. అది వేరే పని, గుడ్డతో అయ్యేది కాదు. మొదటి గుంతలోంచి నీళ్లు బయటికి పోయే గొట్టాన్ని అడుగు నుంచి తీయాలి, పైనుంచి కాదు. నూనె పైనే ఉండిపోతుంది. ఆ గొట్టం మూతి దగ్గర ఒక దూది సంచి కాపలా ఉంటే, తప్పించుకున్న జిడ్డు కూడా చాలావరకు చిక్కుతుంది.

"అడుగుకెల్లి గొట్టం," అని రెండు సార్లు తనలో తాను అనుకున్నాడు యజమాని. కుర్రాణ్ణి సున్నం డబ్బా తెమ్మన్నాడు. ర్యాంపు కింద, కాలువ రెండుగా చీలాల్సిన చోట వంగి, రెండో గుంతకు ముగ్గు పోయడం మొదలుపెట్టాడు.